పదకొండో పేరా

కౌటు పడవ తిరిగి రాలేదన్న కబురు తిరోయాకు ట్రాము ఎక్కుతుండగా అందింది. ఫోను చేసింది తెబౌ పెదనాన్న. ఆయన తనంతట తాను ఫోను చేయడం ఆమెకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి.

"శనివారం తెల్లారగట్ల సూర చేపలకని పోయాడమ్మా మీ తమ్ముడు. ఇవాళ సోమవారం. మోటారు ఆగిపోయుంటుంది. గాలి పడమటికి తోస్తోంది," అన్నాడు.

"నేను బయల్దేరి వస్తాను పెదనాన్నా."

"నాలుగు రోజుల ప్రయాణం చేసొచ్చి ఏం చేస్తావే? సముద్రాన్ని చెంబుతో తోడతావా? ఉన్న పని చూసుకో. మనవాళ్ళు పడవలేసుకుని వెతుకుతున్నారు. రేపో మాపో విమానం కూడా వస్తుందంటున్నారు."

"అలాగే," అంది తిరోయా.

నాలుగు స్టాపుల తరువాత దిగింది. గేటు దగ్గర మెడలోని కార్డు చూపించింది. సంచీని యంత్రంలో పెట్టి అవతల తీసుకుంది. కాపలాదారు "బోంజూర్ మదామ్" అంటే తనూ అంది. అన్నీ చేతులే చేసుకుపోయాయి. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి సమావేశమయ్యే హాలులో తన దేశం పేరున్న పలక వెనక కుర్చీలో కూర్చుని, చెవిలో అనువాదం వినే పరికరం పెట్టుకుని, ఎవరు ఏమన్నారో రాసుకుంది. సాయంత్రం చూసుకుంటే తొమ్మిది పేజీలు ఉన్నాయి. అందులో ఒక్క ముక్కా రాసినట్టు గుర్తు లేదు.

జెనీవాలో వాళ్ళ దేశానికి ఆఫీసు లేదు. పసిఫిక్ సముద్రంలో లక్షా పాతికవేల మంది ఉన్న దీవుల దేశం, ఏ మూలకని మనుషుల్ని పంపుతుంది? ఇలాంటి చిన్న దేశాల కోసం నలుగురూ చందాలు వేసుకున్న నిధి ఒకటుంటే, అదే తిరోయాకు విమానం టిక్కెట్టూ, నాలుగు వారాల బసా ఇచ్చి పిలిపించింది. ముప్పై ఎనిమిదేళ్ళ తిరోయా రాజధాని తరావాలోని న్యాయశాఖలో ఉద్యోగి. ఇక్కడ మాత్రం రాయబారీ తనే, సలహాదారూ తనే, కాగితాలు మోసేదీ తనే. మొదటివారం శిక్షణ ఇచ్చిన పెద్దాయన ఒకే మాట పదిసార్లు చెప్పాడు: "బల్ల దగ్గర నుంచి లేవకండి. మీరు లేస్తే మీతోపాటు మీ మాటా లేచిపోతుంది."

బస గదిలో ఆమెకు తోడు యూఫీలియా. కరీబియన్ దీవి డొమినికా నుంచి అదే నిధి మీద వచ్చిన యాభై ఆరేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళు పంతులమ్మగా చేసి ప్రభుత్వంలోకి వచ్చింది. ఆ సాయంత్రం సంగతి విని చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

"ఏడవ్వే పిల్లా. నేనేమీ అనుకోను."

"రావడం లేదక్కా."

"సరే, రానప్పుడు తిను. ఏడుపుకీ బలం కావాలి."

తిరోయా తింది. ఏం తిందో మర్నాడు అడిగితే చెప్పలేకపోయింది.

బుధవారం నాడు తీర్మానం మీద మొదటి బేరసారాలు జరిగాయి. సముద్రం పెరిగి ఊళ్ళు వదలాల్సి వచ్చే ప్రజల హక్కుల గురించిన తీర్మానం అది. తిరోయా ఇంత దూరం వచ్చింది దానికోసమే. అందులో పదకొండో పేరా ఆమె రాసిందే. ఊళ్ళు వదిలే ప్రజల సమాధులను కాపాడాలి అని, ఒకటే వాక్యం.

తరావాలో చనిపోయినవాళ్ళను ఇంటి పక్కనే పాతిపెడతారు. మూడేళ్ళ క్రితం పెద్ద పోటు వచ్చి వాళ్ళ నాయనమ్మ సమాధిని తెరిచేసింది. కౌటు మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి ఎముకలన్నీ ఏరి, చాపలో చుట్టి, భుజాన వేసుకుని ఊరి అవతలి గట్టుకు తీసుకుపోయాడు. నిరుడు ఆ గట్టూ తెగింది. మళ్ళీ మోశాడు. "ముసల్ది బతికున్నప్పుడు ఇల్లు కదిలేది కాదు, ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది," అని నవ్వాడు. తిరోయా ఆ వారమే ఆఫీసులో కూర్చుని ఆ వాక్యం రాసింది.

బేరసారాలు నడిపేది హెడ్విగ్ అనే ఆవిడ. తెర మీద పేరాలు ఒక్కొక్కటే దాటిస్తూ పదకొండు దగ్గర ఆగింది. ఒక పెద్ద దేశం తరఫున కూర్చున్న, గళ్ళ టై కట్టుకున్న మనిషి చెయ్యెత్తాడు.

"దీని మీద మాకు అభ్యంతరముందండీ. సమాధులు అనే మాట ఇదివరకు ఏ తీర్మానంలోనూ ఒప్పుకున్నట్టు మాకు కనబడలేదు. కాపాడాలి అంటే ఎవరు కాపాడాలి? ఖర్చు ఎవరిది? ఈ పేరా తీసేయమని మా మనవి."

ఇంకా ఒప్పుకోలేదన్న గుర్తుగా తెర మీద ఆ వాక్యానికి రెండువైపులా బ్రాకెట్లు పడ్డాయి. తిరోయా మైకు మీట నొక్కింది. "మా దేశం ఈ పేరా ఉంచాలని కోరుతోంది," అంది. మీట మళ్ళీ నొక్కి ఆపేసింది.

రోజులు అలా గడిచాయి. పొద్దున్నే ఎనిమిదింటికి ఫోను. అక్కడ అప్పటికి సాయంత్రం ఏడు. విమానం రెండురోజులు తిరిగింది, ఏమీ కనబడలేదు. ఉత్తరపు దీవుల వాళ్ళకు రేడియోలో చెప్పారు, ఏమీ కనబడలేదు. విమానం వెళ్ళిపోయింది. సరస్సు మీంచి వచ్చే చలిగాలి ముఖానికి కొడుతుంటే తిరోయా ఆ మాటలన్నీ విని, సరే అని, ట్రాము ఎక్కేది. హాల్లో అధ్యక్షుడు ఆమె దేశాన్ని "కిరిబాటి" అని పిలిస్తే మీట నొక్కి మాట్లాడేది. వాళ్ళ ఊళ్ళో ఎవరూ అలా పలకరు, కిరిబాస్ అంటారు. మొదటివారం అది వినబడినప్పుడల్లా నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

పదకొండో రోజు, మంగళవారం, పెదనాన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"పెద్దవాళ్ళం కూర్చున్నామమ్మా. ఇంక చాపలు పరవాలి. మూడు రోజులు కూర్చుని, పాడి, అన్నం పెట్టి వాణ్ణి సాగనంపాలి. అమ్మా నాన్నా లేరు కాబట్టి నువ్వే పెద్దదానివి. నువ్వు ఊఁ అనాలి."

వెనక ఏదో పెనుగులాట. ఫోను చేతులు మారింది. కౌటు భార్య బ్వేనా.

"వదినా, ఊఁ అనకు. నీకు పుణ్యముంటుంది. పక్కదీవి వాళ్ళు అయిదు వారాలకు దొరకలేదా? వానలు పడుతున్నాయి. వాన పడితే నీళ్ళుంటాయి. చేప ఉంది. మీ తమ్ముడు మొండోడు వదినా."

"అవును," అంది తిరోయా.

"మీరంతా కూర్చుని పాడేస్తే మనిషి చచ్చిపోయినట్టే. ఈయనగారికి పాట మీద అంత మోజైతే చర్చిలో పాడుకోమను."

పెదనాన్న ఏదో కసిరాడు. తిరోయా ఫోను చెవికి ఆనించుకుని ట్రాము పట్టాలను చూస్తూ నిలబడింది. "గురువారం చెప్తాను," అంది చివరికి.

ఆ సాయంత్రం యూఫీలియా తన మంచం అంచున కూర్చుని అడిగింది.

"పదకొండో పేరా ఏమైంది?"

"రేపు ఆఖరి బేరం. తీసేస్తారు."

"మీ వాళ్ళు ఏమన్నారు?"

మీ వాళ్ళు అంటే తరావాలో విదేశాంగ శాఖ. ఈ వ్యవహారాలు చూసేది అక్కడ ఒక్కడే, బౌరో అనే అధికారి. తిరోయా రాసిన ఉత్తరానికి అతని జవాబు వచ్చింది: "అక్కడున్నది నువ్వు. గదిలో గాలి ఎటుందో నీకే తెలుస్తుంది. తమ్ముడి సంగతి విన్నాను. ఏం చేసినా నేను సంతకం పెడతాను."

"నీ తమ్ముడి సంగతి అక్కడ చెప్పవే," అంది యూఫీలియా. "మా దీవిని తుఫాను ఊడ్చేసినప్పుడు నేను చెప్పాను. హాలంతా కళ్ళొత్తుకుంది."

"ఒత్తుకుని?"

"ఒత్తుకుని, కాఫీకి పోయారు," అంది.

మర్నాడు గదిలో పదిహేనుమంది కంటే ఎక్కువ లేరు. హెడ్విగ్ గడియారం చూసుకుంటోంది. గళ్ళ టై మనిషి, ఇవాళ నీలం టై, మర్యాదగానే చెప్పాడు.

"మీ బాధ నాకు అర్థమవుతుందండీ. కానీ మా రాజధాని ఒప్పుకోదు. సమాధి అంటే స్థలం, స్థలమంటే హక్కు, హక్కంటే బాధ్యత."

తిరోయా మీట నొక్కింది. ఆమె దగ్గర రాసుకున్న కాగితం ఉంది. దాన్ని చూడలేదు.

"సమాధి లేనివాళ్ళ సంగతేమిటి?" అంది.

"అంటే?"

"సముద్రంలో పోయినవాళ్ళు. వాళ్ళకు సమాధి ఉండదు. ఇంట్లోవాళ్ళు ఎక్కడో ఒకచోట కూర్చుని తలుచుకుంటారు. ఆ చోటు కూడా మునిగిపోతే వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి?"

గొంతు పెరగలేదు, వణకలేదు. కూరగాయల ధర అడిగినట్టుగా అడిగింది. ఆమె తమ్ముడి విషయం ఆ గదిలో ఎవరికీ తెలియదు.

హెడ్విగ్ మెల్లగా టైపు చేసింది. తెర మీద వాక్యం మారింది: ఊళ్ళు వదిలే ప్రజలు చనిపోయినవారిని తలుచుకునే చోట్లను గౌరవించాలి.

"గౌరవించాలి," అన్నాడు ఆ మనిషి, రుచి చూస్తున్నట్టుగా. "కాపాడాలి కాదు." ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. ఇరవై నిమిషాలకు తిరిగి వచ్చాడు. "మాకు సమ్మతమే. తలుచుకోవడం వల్ల ఎవరి మీదా భారం పడదని మావాళ్ళ అభిప్రాయం."

బ్రాకెట్లు తొలగిపోయాయి. తాను గెలిచిందో ఓడిందో తిరోయాకు తెలియలేదు. బయటికి వస్తుంటే ఆ మనిషి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మంచి మాట చెప్పారండీ," అన్నాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పింది.

గురువారం ఎనిమిదింటికి తానే ఫోను చేసింది. "బ్వేనాకివ్వు పెదనాన్నా, ముందు తనతో మాట్లాడాలి."

"వదినా."

"చాపలు పరవమని చెప్తున్నానమ్మా."

తిరోయా ఆగకుండా చెప్పుకుపోయింది.

"నువ్వు పాడక్కర్లేదు. రాకపోయినా ఎవరూ ఏమీ అనరు, నేను చెప్తాను పెదనాన్నకి. నువ్వు ఎదురుచూడు. మిగతావాళ్ళను కూర్చోనివ్వు."

"నీకు ఏడుపు రావడం లేదా వదినా?" అంది బ్వేనా. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది.

"లేదు."

"నాకూ రావడం లేదు," అని ఫోను పెదనాన్నకు ఇచ్చేసింది.

ఆ మూడు రోజులూ తిరోయా ఫోనులో చూసింది. ఊరి సభా మందిరంలో వరసగా చాపలు, పెద్దవాళ్ళు, పళ్ళేల్లో అన్నం, రొట్టె, చేప. మధ్యలో దుప్పటి మడత పెట్టి, దాని మీద కౌటు చొక్కా ఒకటి ఉంచారు. బ్వేనా మొదటి రెండు రోజులూ రాలేదు. మూడోనాడు వచ్చి, చొక్కా తీసి ఉతకడానికి పట్టుకుపోయింది. ఎవరూ ఆపలేదు.

తీర్మానం ఆమోదించిన రోజున తిరోయాకు మాట్లాడటానికి ఒకటిన్నర నిమిషం ఇచ్చారు. తెర మీద సెకన్లు తగ్గుతుంటే చదివింది. ఆఖరి రెండు వాక్యాలు మిగిలుండగానే మైకు ఆగిపోయింది. ఆ సంగతి గమనించక చివరిదాకా చదివింది. పక్క కుర్చీ ఆయనొక్కడికే వినబడి ఉంటుంది. ఎవరూ ఓటింగు అడగలేదు, అధ్యక్షుడు సుత్తి కొట్టాడు, అయిపోయింది. వెనక వరసలోంచి యూఫీలియా వచ్చి భుజం మీద చెయ్యేసి నిలబడింది. తరువాతి అంశం మొదలైంది. తిరోయా కూర్చుని రాసుకోసాగింది.

వారం తరువాత తరావాలో, బోన్రికి అనే విమానాశ్రయంలో దిగితే బ్వేనా ఒక్కతే వచ్చింది. పెట్టె అందుకుని బస్సు దాకా మోసింది. రోడ్డుకు రెండువైపులా సముద్రమే.

"అన్ని రోజులూ అక్కడ ఏం చేశావు వదినా?"

"ఒక వాక్యం పెట్టించాను."

"ఒక్కటా?"

"ఒక్కటే."

"ఏదీ, చెప్పు."

తిరోయా మనసులోనే దాన్ని తమ భాషలోకి తిప్పుకుంది. ఇంగ్లీషులో ఉన్నన్ని మాటలు అక్కర్లేదు. చెప్పింది. బ్వేనా కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ వింది.

"గౌరవించాలంటే, వాళ్ళేం చేస్తారు?"

"ఏమీ చెయ్యరు. రాసుకున్నారు, అంతే."

"రాసుకున్నారు," అంది బ్వేనా. కిటికీ నుంచి ఇటు తిరిగి, "పోనీలే, మంచిదే. అన్నం వండే వచ్చాను. ముగ్గురికి ఎసరు పెట్టేశాను పొరపాటున. పెదనాన్నను కూడా పిలుద్దాం," అంది.

బస్సు ఆగింది. తిరోయా పెట్టె ఒకవైపు పట్టుకుంది, బ్వేనా ఇంకోవైపు.