మోచేతుల దాకా

“ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? ఒక చెప్పు వంటింటి గుమ్మంలో, ఒకటి కాలికి. ఇల్లా, చెప్పుల కొట్టా?”

మెకానిక్కు కుర్చీలోంచి కదలకుండానే భార్యకు జవాబిచ్చాడు. “రెండూ కాళ్ళకే ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకో.”

“కాస్త కిందికి చూడండి మహానుభావా!”

చూశాడు. ఎడమ పాదానికి చెప్పు లేదు. నవ్వబోయి ఆగిపోయాడు. వేళ్ళు కదిపాడు. కదిలాయో లేదో కంటితో చూసి తెలుసుకోవలసి వచ్చింది. ఆమె నోటిదాకా వచ్చిన రెండో మాట అక్కడే ఆగింది. వారం నుంచీ ఇదే చెప్పు కోసం ఆయన్ని దులిపేస్తోంది మరి.

ఆ మధ్యాహ్నమే డాక్టరు పాదాల మీద సూది ఆనించి, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. పనేమిటని అడిగాడు. చేతులు దేనితో కడుక్కుంటారని అడిగాడు.

“గ్రీజు సబ్బుకి లొంగదు సార్. ప్రెస్సు మిషన్లో పోసే నూనె బకెట్లో ఉంచుతాం. మోచేతుల దాకా ముంచి రుద్దితే అద్దంలా వచ్చేస్తాయి. షెడ్డులో అందరం అంతే. ఈమధ్య కొత్త పీపాలొచ్చాక ఇంకా బాగా వదులుతోంది.” పక్కనే కూర్చున్న భార్యవైపు చూసి నవ్వాడు. “నల్లచేతులు పళ్ళెంలో పెడితే మా ఆవిడకి గిట్టదు.”

డాక్టరు నవ్వలేదు. మెకానిక్కు తన ఫోనులో పీపా మీది చీటీ ఫోటో చూపిస్తే రెండుసార్లు చదివాడు.

“కరెంటు తీగ మీద రబ్బరులా నరానికి ఒక తొడుగు ఉంటుందమ్మా. నరమూ తొడుగూ చెడకుండా కాచే ఎంజైము ఒకటుంది. ఇలాంటి నూనెలో ఉండే రసాయనం దాన్ని పనిచెయ్యకుండా పట్టేస్తుంది. తాకిన రోజు ఏమీ తెలీదు. రెండు మూడు వారాలకి పాదాల్లో మొదలవుతుంది.”

“తగ్గుతుందా?” అంది ఆమె.

“కొంత. పూర్తిగా అని మాటివ్వలేను.”

“ఇంకా ఏ బాధా లేనివాళ్ళకి?”

“రక్తం చూస్తే ఆ ఎంజైము ఎంత మిగిలిందో తెలియొచ్చు. దానికంటే ముందు ఆ నూనె తాకడం మానాలి.”

ఆమె మరిదిని తలుచుకుంది. అన్న చేతిమీదుగానే వాడు అదే షెడ్డులో చేరి పది రోజులైంది.

ఇంటికొచ్చేసరికి షెడ్డు సూపర్వైజరు ఫోను. ఆస్పత్రికి వెళ్ళిన సంగతి ఎవరో చెప్పారట. కూర్చుని చేసే పని ఇస్తాడట, నూనె మాట మాత్రం ఎత్తకూడదట. మెకానిక్కు “అలాగే సార్” అని పెట్టేశాడు.

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మరిది రెండు అరచేతులూ చాపాడు.

“ఇవాళ వంక పెట్టు వదినా, చూద్దాం!”

గోళ్ళ సందుల్లో కూడా నలుపు లేదు. చేరిన మొదటి రోజున ఆ చేతులు చూసి, మీ అన్నకంటే నువ్వే నయమని మెచ్చుకున్నది తనే. గరిటె గిన్నెలో వదిలేసింది.

“రేపు నువ్వు పనికి వెళ్ళవు. మీ అన్నా వెళ్ళరు. పొద్దున్నే నీ రక్తం పరీక్షకిస్తాం. అట్నుంచటే లేబరాఫీసుకి పోయి ఆ నూనె సంగతి కాగితం మీద రాసిచ్చి వస్తాం.”

“నాకేమైంది వదినా? గుర్రంలా ఉన్నాను.”

“మీ అన్న కూడా పోయిన నెల గుర్రమే.”

“సూపర్వైజరుకి మాటిచ్చానే,” అన్నాడు మెకానిక్కు.

“ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి.”

మెకానిక్కు తమ్ముడి చేతులవంక చాలాసేపు చూశాడు.

“పీపా చీటీ ఫోటో నా దగ్గరుంది,” అన్నాడు. “రేపు గుర్తుచెయ్యి.”