తోక మీద నాలుగు పూతల రంగు

లారీ రంగు డబ్బా మూత తీసిన వాసన వస్తే చాలు, ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది. మా షాపు పక్కనే రంగులేసే యార్డు, కాబట్టి రోజుకి పదిసార్లు మండుతుంది. మా ఆయన బుడే సాహెబ్ లారీ డ్రైవరు. "మర్చిపోవే, నీకు బీపీ వస్తది," అంటాడు. ఎందుకు మర్చిపోవాలి? వాళ్ళెవరూ ఒక్క రోజు నిద్ర మానుకోలేదు, నేనెందుకు మర్చిపోవాలి?

నా పేరు వజీరా. జగ్గయ్యపేటలో హైవే పక్కన లారీ టార్పాలిన్లు కుడతాను. ముక్త్యాల నుంచి సిమెంటెత్తుకెళ్ళే లారీల్లో సగం నా పట్టాలే కప్పుకుని పోతాయి. నాలుగేళ్ళ కిందట ఒక పెద్దమనిషి షాపులోకొచ్చి, అరచేతంత తెల్ల గుడ్డముక్క బల్ల మీద పెట్టాడు.

"దీనికి కుట్టెయ్యగలవా అమ్మా?"

"ఏ లారీకండీ?"

"లారీకి కాదు, విమానానికి."

పొద్దున్నే బోణీ కాకముందు నేనే దొరికానా ఈయనకి అని విసుక్కున్నాను. ఆయన నవ్వలేదు. జగన్నాథరావుగారట. నందిగామ అవతల పత్తీ, మిర్చీ వేస్తారు. యాభై దాటాక హైదరాబాదు వెళ్ళి విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నారు. ఇప్పుడు సొంతానికి ఒకటి తయారు చేసుకుంటున్నారట. నాకు నమ్మకం కుదరక ఆ శుక్రవారం షాపు మూసి చూడటానికి వెళ్ళాను.

పత్తి నిలవచేసే షెడ్డులో నాలుగు పెద్ద చెక్కపెట్టెలు. వాటినిండా ఇనప గొట్టాలు, సన్నని చెక్క పక్కటెముకలు, తీగలు, బోల్టులు. పై దేశం నుంచి ముక్కలుగా వస్తే మనమే అతికించుకుని, కుట్టుకుని, బిగించుకోవాలి. పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు. ఒకరి వెనక ఒకరు కూర్చోవడానికి రెండు గుంటలు, పైన కప్పు లేదు. "మొహానికి గాలి కొట్టాలి వజీరా, అద్దాల్లో కూర్చుని ఎగరడం బస్సులో వెళ్ళినట్టే," అన్నారాయన. పిచ్చి మనిషే అనుకున్నాను. అయినా ఆ పిచ్చి నాకు నచ్చింది.

ఎనిమిది నెలలు కుట్టాను. చెక్క ఎముకల మీద గుడ్డ పరిచి, అంచులు అతికించి, ఇస్త్రీపెట్టె వేడి తగిలిస్తే గుడ్డ బిగుసుకుని డప్పులా మోగుతుంది. తర్వాత జానెడు సూదితో పైనుంచి కిందకి గుచ్చి, కిందనుంచి మళ్ళీ పైకి లాగి, ప్రతి ఎముకకీ రెండేసి వేళ్ళ ఎడంగా ముడి వెయ్యాలి. పైన నేను, కింద పడుకుని ఆయన. సూది నేను దించితే ఆయన అందుకుని తిరిగి పంపేవారు. ఒక్కోసారి గంటసేపు మాటే ఉండేది కాదు.

ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, బరువు. దారం తూచేవారు, జిగురు తూచేవారు. ఇంట్లో కాటా షెడ్డుకి తెచ్చేస్తున్నారని భార్య భారతీదేవమ్మగారు తిట్టని రోజు లేదు. తోక దగ్గర పైకీ కిందకీ ఆడే పలక ఒకటుంటుంది, ఎలివేటర్ అంటారు. ముక్కు ఎత్తేదీ దించేదీ అదే. దాని ముందు అంచులో సీసం ముద్ద పెట్టి, వెనక బరువుకి సరితూగేలా చేశారు. కంట్రోలు రాడ్డు పిన్ను లాగేసి పలక వదిలేస్తే అది నేలకి సమంగా నిలబడాలి.

"వెనక్కి వాలిందనుకో," అన్నారు ఒకరోజు, "స్పీడు పెరిగాక దానంతటది కొట్టుకోవడం మొదలెడుతుంది. నేను పట్టుకున్నా ఆగదు. రెండు సెకన్లలో తోక ఊడిపోతుంది."

ఆ మాట చెప్పింది ఆయనే. నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు.

కాగితాలకి మరో రెండేళ్ళు పట్టింది. ఈ ఏడు మిర్చి కోతలప్పుడు మొదటిసారి పైకి లేచింది. పొలం మధ్య ఎర్రమట్టి చదును చేసిన దారి మీద పరుగెత్తి తోక లేపింది, ఉన్నట్టుండి చక్రాల కింద వెలుతురు కనిపించింది. తాడిచెట్టెత్తున తిన్నగా వెళ్ళి ఆ చివర దిగింది. ఒంటి మీద సన్నటి వెండిపూత తప్ప ఇంకే రంగూ లేదు. నేను కోతకొచ్చిన ఆడవాళ్ళతో కలిసి అరిచాను, ఏడ్చాను కూడా. నా నలభై ఏడేళ్ళలో అంత సంతోషం నాకు తెలీదు.

అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. భారతీదేవమ్మగారి తమ్ముడు సతీష్‌బాబుకి పన్నెండు సిమెంటు లారీలున్నాయి. "ఊరికి తెలీకుండా ఎగిరితే ఏం గొప్ప బావా?" అన్నాడు. ముహూర్తం పెట్టించాడు, షామియానా వేయించాడు. మైలవరం నుంచి చుట్టాలు, పేట నుంచి వ్యాపారస్తులు. పది గంటల నలభై రెండు నిమిషాలకి లేచి, పరిటాల హనుమంతుడి పెద్ద విగ్రహం చుట్టూ ఒక చుట్టు తిరిగి రావడం ప్రోగ్రామ్. వంటలకి విజయవాడ మనుషులు.

నేను తొమ్మిదిన్నరకి వెళ్ళాను. ఎక్కడైనా గుడ్డ గీసుకుంటే అతుకు వెయ్యడానికి నా సంచీ, కత్తెరా వెంట ఉన్నాయి. షెడ్డులోంచి విమానం బయటికి తెచ్చి నిలబెట్టారు. గుడ్డ చూసుకుంటూ తోక దాకా వెళ్ళాను.

తోకంతా లారీ అయిపోయింది. రెండు పెద్ద కళ్ళు, తామరపువ్వు, నెమలి. ఒక పక్క 'భారతీదేవి, జగన్నాథరావు దంపతులు'. ఇంకో పక్క 'సతీష్‌బాబు శుభాకాంక్షలతో'. ఎలివేటర్ వెనక అంచు పొడుగునా బంపరుకి వేసినట్టు ఎరుపూ పసుపూ పట్టీలు. గోటితో గీసి చూశాను. తెలుపు, దాని మీద పసుపు, దాని మీద ఎరుపు, ఆ పైన వార్నిష్. నాలుగు పూతలు. అరచెయ్యి కింద పెట్టి లేపితే నాకు తెలిసిన బరువు కాదది.

"ఎట్టా ఉందమ్మా?" వెనకనుంచి సతీష్‌బాబు. "మా యార్డు పెయింటర్ని పెట్టి రెండ్రోజులు చేయించా. బావకి సర్‌ప్రైజు."

"ఎవర్ని అడిగి వేయించారండీ?"

"రంగుకి అడగడమేంటి?"

లారీకి రంగు బరువు ఎవడు చూస్తాడు? టన్నులు మోసే బండికి రెండు కిలోల రంగు ఎక్కువైతే ఏమవుతుంది? కొత్త బండి వస్తే మొదట కళ్ళు వేయించాలి, పేరు రాయించాలి, పూలు పెట్టించాలి. లారీల ఇంట్లో పెరిగినవాడి బుర్ర అంతే పనిచేస్తుంది. నేనూ ఆ లారీల మీదే బతుకుతున్నాను కాబట్టి అతని బుర్ర నాకు బాగా తెలుసు.

జగన్నాథరావుగారు పట్టుపంచెలో పీట మీద కూర్చుని ఉన్నారు. పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిస్తున్నారు. నేను దగ్గరికెళ్ళి వంగి చెప్పాను.

"సార్, ఎలివేటర్ బరువెక్కింది. పిన్ను లాగి ఒక్కసారి చూడండి. అయిదు నిమిషాలు."

ఆయన నా మొహం చూడలేదు. "తర్వాత చూద్దాంలే వజీరా."

"తర్వాత ఎప్పుడండీ? దిగాకా?"

"ఏమ్మా, పూజ దగ్గర ఆ మాటలేంటి?" సతీష్‌బాబు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "ముహూర్తం దాటిపోతోంది. నీ పేరు రాయించలేదని కడుపుమంటా? చెప్తే చివర్న చిన్నగా రాయించేవాణ్ణిగా!"

నవ్వారు. నలుగురైదుగురు గట్టిగానే నవ్వారు.

అబద్ధమెందుకు, అది కూడా మండింది. ఎనిమిది నెలలు నా వేళ్ళు చిల్లులు పడ్డాయి, ఎవరెవరి పేర్లో ఎక్కాయి. కానీ పేరు లేని మంట వేరు, మనిషి పోతాడన్న భయం వేరు. ఆ రెండింటికీ తేడా తెలీని దద్దమ్మని కాను నేను.

భారతీదేవమ్మగారి దగ్గరికి పరుగెత్తాను. "అమ్మగారూ, మీరైనా ఆపండి."

"ఆయన నా మాట ఎప్పుడు విన్నారు వజీరా?" అందావిడ, వచ్చినవాళ్ళకి కుంకుమ పెడుతూ. "అంతా బాగానే ఉంటుందిలే. నువ్వు టిఫిన్ తిన్నావా?"

టిఫిన్! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కొబ్బరికాయ కొట్టారు, గుమ్మడికాయ పగలగొట్టారు. ఆయన పంచె విప్పి ప్యాంటు తొడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, నడిపేవాళ్ళు కూర్చునే వెనక సీట్లోకి ఎక్కారు. చప్పట్లు. బెల్టులు బిగించుకుంటున్నారు. ఇంజను ఇంకా వెయ్యలేదు. వేశాక దగ్గరికి పోలేను, అది నాకు తెలుసు.

సంచిలోంచి కత్తెర తీశాను. కింది ఎడమ రెక్క కిందనుంచి పొడిచి, మూర పొడుగు కోశాను. టప్పుమని పగిలినట్టు శబ్దమొచ్చింది. అంత బిగువుగా ఉంది నా గుడ్డ. ఇంకో మూర కోశాను. నా ముడులు నాకే అడ్డమొచ్చాయి. వాటిని తప్పించి పక్కనుంచి కోశాను.

"ఓయమ్మో! ఏం చేస్తున్నావే!" ఎవరో అరిచారు. సతీష్‌బాబు చెయ్యెత్తుకుని మీదికొచ్చాడు.

"కొట్టు," అన్నాను కత్తెర దించకుండా. "కొట్టవయ్యా, చూస్తా. నీ రంగు నీ బావని మింగేది. కొట్టు!"

"ఆగు సతీష్." జగన్నాథరావుగారు దిగుతున్నారు. రెక్క వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తిన్నగా తోక దగ్గరికి నడిచి, వంగి, పిన్ను లాగారు. ఎలివేటర్ ధబ్బున వెనక్కి వాలిపోయింది. మళ్ళీ పైకి లేపి వదిలారు, మళ్ళీ ధబ్బున వాలింది. చూసినవాళ్ళంతా చూశారు. అది ఎందుకు వాలిందో ఎవరికి అర్థమైందో నాకు తెలీదు. ముహూర్తం దాటిపోయిందని పంతులుగారు అంటే, అందరూ షామియానా వైపు నడిచారు. పులిహోర వాసన వస్తోంది.

తోక దగ్గర మేమిద్దరమే మిగిలాం. ఆయన మట్టిలో కూర్చుండిపోయారు. తిన్నగా తోక దగ్గరికే ఎందుకొచ్చారా అని అప్పుడు అనుమానమొచ్చింది నాకు.

"పొద్దున చూశారా దీన్ని?"

"చూసా."

"చేత్తో లేపి చూశారా?"

"లేపా. బరువుగానే ఉంది."

"మరి?"

"అందరూ వచ్చారు కదా వజీరా. సతీష్ అంత ప్రేమగా చేయించాడు, ఏమనను? మెల్లగా పోతే ఏం కాదులే అనుకున్నా."

దారం తూచిన మనిషి! జిగురు బొట్టు ఎక్కువైతే గీకి పారేసిన మనిషి!

"పరిటాల దాకా పోకముందే తోక ఊడేది," అన్నాను. "అప్పుడు ఏమనేవాళ్ళు సార్? నా రంగు బరువైందని మీ బామ్మర్ది చెప్పేవాడా? పట్టాలు కుట్టేదాంతో రెక్కలు కుట్టించాడు, కుట్టు ఊడి చచ్చాడు, అనేవాళ్ళు. అమ్మగారు నా షాపు ముందుకొచ్చి నన్ను దుమ్మెత్తి పోసేవారు. పోలీసులు నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. మీరు తెలిసి ఎక్కి, ఆ చావు తెచ్చి నా నెత్తిన పెట్టేవారు. ఒక్కసారన్నా తట్టిందా మీకు?"

"లేదు," అన్నారాయన. "నిజంగా తట్టలేదు వజీరా."

ఆయన అబద్ధం చెప్పి ఉంటే క్షమించేదాన్నేమో. సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదకొచ్చాను. ఆయన వెనకనుంచి పిలిచారు, ఆగలేదు.

పేట బస్సు నిండా జనం. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నా ముందు సీట్లో ఇద్దరు ఫోన్లో ఏదో చూస్తున్నారు. అప్పటికే ఎవరో ఫోటో పెట్టేశారు.

"జగన్నాథరావుగారి విమానం రెక్క చిరిగిపోయిందంట," అంటున్నాడొకడు. "లేవకముందే చిరిగింది, మంచిదయింది. పేటలో టార్పాలిన్లు కుట్టే ఆవిడంట కుట్టింది. అట్టాంటోళ్ళతో కుట్టిస్తే ఊడదా మరి?"

"చిరగలేదు," అన్నాను.

ఇద్దరూ తలెత్తారు. "ఏంటమ్మా?"

"చిరగలేదు, ఊడలేదు. నేనే కోశా." నా గొంతు డ్రైవరు దాకా వినపడి ఉంటుంది. "ఆ గుడ్డ మీద ప్రతి ముడీ నాది. ఒక్కటి ఊడిందేమో వెళ్ళి లాగి చూడండి!"