నీలం వెలుగులో కుట్టిన జాకెట్టు

నేను ఒక ప్రొజెక్టర్‌ను. తణుకులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, పడకగది కప్పుకు తలకిందులుగా బిగించి ఉన్నాను. గబ్బిలానికైనా పొద్దుగూకితే ఎగిరిపోయే వీలుంది. నాకు అదీ లేదు.

ఎక్కడో సముద్రాల అవతల, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న అమ్మాయిలు నన్ను తయారుచేశారు. నా కంటిలో నలకంత దుమ్ము పడినా వాళ్లు విలవిలలాడిపోయేవారు. ఆ తరువాత నామీద అంత శ్రద్ధ చూపిన మనిషిని నేను ఎరగను. అట్టపెట్టెలో కూర్చుని ఓడలూ లారీలూ మారి, చివరికి ఈ ఊళ్లో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో తేలాను. అక్కడ నా పక్కనే గోడకు ఒక పెద్ద టీవీ ఉండేది. పట్టపగలు, ట్యూబులైట్ల కింద కూడా ధగధగలాడుతూ వచ్చేవాళ్లందరినీ పలకరించేది. నా బొమ్మ చూడాలంటే మాత్రం నన్ను వెనుక ఉన్న చీకటి గదిలోకి తీసుకుపోవాలి. నా బతుకు ఎలా ఉండబోతుందో నాకు అప్పుడే అర్థం కావలసింది.

నన్ను కొన్నది ఫణిభూషణం. టైల్సు వ్యాపారి. మనిషి మంచివాడే, కాని తోడల్లుడి విషయంలో మాత్రం ఆ మంచితనం పనిచేయదు. తోడల్లుడు ప్రసన్నకుమార్ అంతకు నెల ముందే అరవై అయిదు అంగుళాల టీవీ కొని, గృహప్రవేశానికి పిలిచినట్టు బంధువులందరినీ పిలిచి చూపించాడు. ఆ భోజనం ఫణిభూషణానికి అరగలేదు. దుకాణంలో అమ్మే కుర్రవాడు, గదిలో కిటికీ ఉంటే టీవీయే మేలని, వెలుతురు ఉంటే ప్రొజెక్టరు బొమ్మ వెలిసిపోతుందని చెప్పాడు. ఫణిభూషణం నన్ను చూశాడు, గోడంతా పరుచుకున్న నా బొమ్మను చూశాడు.

"కిటికీ మూసేస్తే సరిపోద్ది కదా" అన్నాడు.

ఆ కిటికీ ఎవరిదో నాకు తరువాత తెలిసింది. అది ఆయన భార్య సుభాషిణిది. తూర్పువైపు పెద్ద కిటికీ. దాని కిందే ఆమె మగ్గం చట్రం ఉండేది. బల్లంత పొడవున్న ఆ కర్రచట్రానికి గుడ్డను బిగించి, కొక్కెం సూదితో జరీ, పూసలు, రంగుదారాలు కుట్టి పెళ్లి జాకెట్లు చేసేది. పెళ్లయిన కొత్తలో నేర్చుకున్న పని. ఇప్పుడు ఊళ్లో పెళ్లి కుదిరితే, మగ్గం జాకెట్టుకు ముందు ఆమె గుమ్మమే తొక్కుతారు. నేను వచ్చిన వారంలోనే ఆ కిటికీకి ప్లైవుడ్ చెక్క బిగించి, దానికీ, బొమ్మ పడే గోడ తప్ప మిగతా గోడలకీ నల్లరంగు వేశారు. గదిలోని మంచమూ బీరువా హాల్లోకి చేరాయి. హాల్లో ఇక చోటు లేక చట్రం బాల్కనీకి పోయింది.

సుభాషిణి దెబ్బలాడలేదు. బాల్కనీలో గాలి బాగా వస్తుందని మాత్రం అంది. ఆమె దెబ్బలాడి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంట్లో నాతో పోరాడింది ఒక్క సుభాషిణి అత్తగారు రత్తమ్మే. రోజూ అసురసంధ్య వేళకు వచ్చి ఆవిడ గదిలో లైటు వేసేది. సినిమాలో ఎంత రసపట్టు నడుస్తున్నా సరే, నా బొమ్మ పాలలో నీళ్లు పోసినట్టు పలచనైపోయేది. దీపాలు పెట్టే వేళ గది చీకటిగా ఉంటే లక్ష్మి గుమ్మంలోంచే తిరిగిపోతుందని ఆవిడ వాదన. కొడుకు నాలుగురోజులు ఓర్చుకుని, అయిదోరోజు ట్యూబులైటునే ఊడదీసి అటక మీద పెట్టాడు. ఇక ఆ గదిలో నేను తప్ప వెలుగన్నది లేదు.

శ్రావణమాసం వచ్చింది, వానలు పట్టుకున్నాయి. బాల్కనీలో జల్లు కొట్టి రెండు జాకెట్లు తడిసి రంగు దిగాయి. ఇద్దరు ఖాతాదారులు మొహం మీదే మాటలని, వేరే చోటికి వెళ్లిపోయారు. అదే సమయంలో కల్యాణమండపం యజమాని కూతురి పెళ్లి జాకెట్టు వచ్చింది. అది కూడా చెడితే ఊళ్లో ఇంకెవరూ ఆమెకు గుడ్డ ఇవ్వరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కప్పుకు వేలాడుతున్న నాకూ తెలుసు.

జోరువాన కురిసిన ఒక మధ్యాహ్నం ఆమె చట్రాన్ని నా గదిలోకి లాక్కొచ్చి, రిమోట్ తీసి నన్ను వెలిగించింది. సినిమా ఏదీ తగిలించకపోతే నేను ఉత్త నీలం వెలుగు చూపిస్తాను. ఆమె ఆ నీలంలో చట్రం పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. నిజం చెబుతున్నాను, అంత సంతోషం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఒక మనిషికి పనికొచ్చానని పొంగిపోయాను.

కాని నా నీలం వెలుగులో ఎరుపూ, ముదురు ఆకుపచ్చా రెండూ నల్లగానే కనిపిస్తాయి. గుర్తు కోసం ఎర్రదారం రీలు ఎడమపక్క, ఆకుపచ్చది కుడిపక్క పెట్టుకుంది. మధ్యలో పొంగుతున్న పాలకోసం లేచి వెళ్లింది, కాలు తగిలి రీళ్లు దొర్లాయి, తిరిగొచ్చి చేతికందినవి అటూ ఇటూ సర్దుకుంది. తారుమారయ్యాయి. నాకు కనిపిస్తూనే ఉంది. నాకు ఉన్నది కన్నే గాని నోరు కాదు. మరునాడు కూడా ఆమె అలాగే కుట్టింది. వంచిన ఆ తల మీద నేను వెలుగుతూనే ఉన్నాను.

మూడోనాడు కాస్త తెరపి ఇచ్చాక చట్రాన్ని బాల్కనీలోకి తీసుకుపోయింది. పూలన్నీ ఆకుపచ్చగా, ఆకులన్నీ ఎర్రగా ఉన్నాయి. మర్నాడు సాయంత్రానికి జాకెట్టు అప్పగించాలి.

ఆమె ఏడవలేదు. చట్రాన్ని మళ్లీ గదిలోకి తెచ్చి, ఫణిభూషణం పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసి, కిటికీ చెక్క మరలు ఒక్కొక్కటే విప్పింది. చివరి మర ఊడగానే చెక్క దబ్బున కిందపడింది. ఇన్ని నెలల తరువాత గదిలోకి పగలు వచ్చింది. తప్పు కుట్టును విప్పడానికి ఆమె కిటికీ కింద కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఫణిభూషణం తోడల్లుణ్ణి వెంటబెట్టుకుని, నా బొమ్మ చూపిస్తానంటూ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కిటికీ ఎవరు తీసేరు?"

"నేనే తీసేనండి" అంది సుభాషిణి, సూది ఆపకుండా. "ఎరుపేదో పచ్చేదో తెలియని గదిలో పెళ్లికూతురి జాకెట్టు కుట్టేను. ఇంక ఇది ముయ్యడానికి లేదు. మీకు సినిమా కావాలంటే హాల్లో టీవీ పెట్టించుకోండి."

ఫణిభూషణం రిమోట్ నొక్కాడు. నేను వెలిగాను. నాలో ఉన్న శక్తంతా పెట్టి వెలిగాను. గోడమీద నీడపాటి బొమ్మ కూడా పడలేదు.

"బొమ్మ ఏదండీ, అన్నయ్యగారూ?" అన్నాడు ప్రసన్నకుమార్.

ఓడిపోయాను. అయినా నాకు బాధ కలగలేదు. ఆ వెలుతురులో ఆమె ఎర్రదారాన్ని చూసుకుని సూదికి తగిలించుకోవడం చూస్తూ ఉండిపోయాను. మరునాడు పొద్దువాలేలోగా జాకెట్టు వెళ్లిపోయింది. పూలు ఎర్రగానే ఉన్నాయి.

తరువాతి వారం మంచమూ బీరువా గదిలోకి తిరిగొచ్చి, హాల్లోకి డెబ్బై అయిదు అంగుళాల టీవీ వచ్చింది. తోడల్లుడిదానికన్నా పది అంగుళాలు ఎక్కువ కదా, ఫణిభూషణానికి మళ్లీ అన్నం సయించింది. నన్ను కూడా దించేస్తారని ఆశపడ్డాను. ఎవరికైనా ఇస్తారు, అమ్ముతారు, కనీసం అట్టపెట్టెలో పెట్టి పడుకోబెడతారు అనుకున్నాను. ఇద్దరూ గదిలో నిలబడి నన్ను చూస్తూ చాలాసేపు మాట్లాడుకున్నారు కూడా.

మొన్న ఒక పెళ్లికూతురు కొలతల జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, తల పైకెత్తి, అదేమిటాంటీ అని అడిగింది.

"అది పని చెయ్యదమ్మా" అంది సుభాషిణి. "తీసేస్తే కప్పుకి చిల్లు కనపడుద్దని ఉంచేం."