సన్నాయి పెట్టెలో గుమ్మడి గింజల నూనె

నేను ఒక సీసాడు గుమ్మడి గింజల నూనెను. పులుసులోకి ముక్కలు తరుక్కుని గింజలు పెంట మీద పోసే జనమే, వాటిని ఎండబెట్టి గానుగాడించేసరికి నన్ను అమృతమన్నారు. వేడన్నంలో కందిపొడి కలిపి నన్నొక చెంచా వేసుకుంటే కమ్మగా ఉంటాను, ఒంటికీ మంచిదాన్నే. పొయ్యి సెగ మాత్రం పడదు. ఇంతకు మించి నేనెవరికీ మాటివ్వలేదు తల్లీ!

నన్ను కొన్నది సన్నాయి కోటిలింగం. అరవై దాటిన మనిషి. పెళ్లిపీటల పక్కన అరగంట కూర్చోలేడు, మాటిమాటికీ ఒంటేలుకు లేవాలి. తాళి కట్టే క్షణాన గట్టిమేళం తప్పిన సన్నాయిని మళ్లీ ఎవరు పిలుస్తారు? అదీ అతని దిగులు. డాక్టరుకు చెప్పాలంటే సిగ్గు, పెళ్లానికి చెప్పాలంటే ఇంకా సిగ్గు. పక్కన కూర్చునే డోలు సాంబయ్యేమో సంగతి కనిపెట్టి, "గుమ్మడి నూనె తాగు బావా, నెల్లో కుర్రాడివైపోతావ్" అన్నాడు. ఇంకేం, నన్ను సన్నాయి పెట్టెలో దాచి రోజూ పొద్దున్నే గుటకేసేవాడు.

ఒకరోజు అతని భార్య అంకమ్మ కంటపడ్డాను.

"ఏందిది?"

"జుట్టుకు లేవే."

"ఏ జుట్టుకయ్యా?" అంది ఆమె, అతని బట్టతల వంక చూసి. ఊరికే పోనీయడమెందుకని నాలో సగం మూకుట్లో పోసి వడియాలు వేయించింది. ఇల్లంతా మాడు కంపు. తిట్లు నాకు!

రెండు నెలలు గడిచాయి. మాఘమాసపు పెళ్లిలో పురోహితుడు "గట్టిమేళం!" అని చెయ్యెత్తాడు. డోలు ఒక్కటే మోగింది. కోటిలింగం పందిరి వెనక ఉన్నాడు.

"సన్నాయోడేడిరా? శుభమా అని తాళి కడుతుంటే!" అని పెళ్లికూతురి మేనమామ అరిచిన అరుపు పెట్టెలో ఉన్న నాకూ వినబడింది.

ఆ సాయంత్రం సాంబయ్య అంకమ్మ దగ్గర అంతా కక్కేశాడు. మర్నాడు ఆమె ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో మొగుణ్ణీ పట్టుకుని ఆసుపత్రికి నడిచింది. డాక్టరు ఏమైందని అడిగితే, ఆ మహానుభావుడు నోరు విప్పకుండా నన్ను ఎత్తి చూపించాడు! నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరు నన్ను పక్కకు జరిపాడు. "ఇది అన్నంలోకి వేసుకోండి, తప్పులేదు. కానీ మీ బాధ ఇది చెప్పదుగా. మీరే చెప్పండి."

కోటిలింగం తలొంచుకున్నాడు. "కూర్చోలేకపోతున్నానయ్యా," అన్నాడు చివరికి. "ఇంక వాయించలేనేమోనని భయంగా ఉంది."

అంకమ్మ చప్పున అతని భుజం పట్టుకుంది. పరీక్షలు చేశారు, మందులు రాశారు. ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు, నన్ను బల్ల మీదే మరిచిపోయి.

ఇన్నాళ్లకు నా ప్రాణం హాయిగా ఉంది.