సున్నా పట్టుకునే మనిషి

నాయుడుపేట దాటాక హైవే మీద, పగిలిన ఆటో అద్దాల మధ్య మోకాళ్ళూని, క్రీస్తుదాసు టైరు గీత మొదట్లో సుద్దముక్కతో గుర్తు పెడుతున్నాడు. ప్రమాదాలెందుకు జరుగుతున్నాయో తేల్చే బృందంలో పదకొండేళ్ళుగా అతని పని ఒకటే: కొలత టేపు సున్నా కొస పట్టుకోవడం. యాభై ఆరేళ్ళ మనిషి. ఎండకు కమిలిన మెడ, సుద్ద ఇరుక్కున్న గోళ్ళు, తారు మీద అరిగిపోయిన ప్యాంటు మోకాళ్ళు. రెండో కొస పట్టుకునేది షారన్, కొత్తగా చేరిన ఇంజినీరు.

నిన్న ఇక్కడే, చేపలమ్ముకునే మస్తానమ్మ ఆటోలోంచి ఎగిరిపడి చచ్చిపోయింది. ఈ చోట ఇది ఏడో చావు. ముందటి ఆరూ క్రీస్తుదాసు కొలిచినవే. పక్కనున్న డాబా హోటలువాడు గిరాకీ కోసం డివైడరు పగలగొట్టించాడు. లారీలు ఆ సందులోంచి అడ్డంగా తిరుగుతాయి. ఆరుసార్లూ అతను సందు వెడల్పు రాయించాడు. ఆరుసార్లూ ఆఫీసుకెళ్ళేసరికి కారణం గడిలో 'డ్రైవరు నిర్లక్ష్యం' వచ్చి కూర్చుంది. సిగ్గులేని రాత! ఆ రెండు మాటలు రాసేస్తే ఎవరూ ఒక్క సిమెంటు దిమ్మె కూడా తెచ్చి పెట్టనక్కర్లేదు.

ఫోను మోగింది. ఆఫీసరు సుకుమార్.

"క్రీస్తుదాసూ, ఆటోవాడి నిర్లక్ష్యమే గదా? మధ్యాహ్నానికి రిపోర్టు పంపించెయ్."

"సందు సంగతి రాయకుండా సంతకం పెట్టను సార్. ఆరుసార్లు పెట్టినాను. ఈ పాపంలో నాకూ భాగముండాది."

పదకొండేళ్ళలో పై అధికారికి ఎదురుచెప్పడం అదే మొదలు. ఫోను జేబులో పడేసి టేపు అందుకున్నాడు.

"పట్టమ్మా షారనూ, సెంటీమీటరుతో సహా రాయి. ఈసారి ఎట్టా కొట్టేస్తారో చూస్తా."

సందు అంచున కూర్చుని కొసను తారుకు అదిమిపెట్టాడు. షారన్ టేపు లాక్కుంటూ అవతలి అంచుకు నడిచింది.

"పన్నెండు మీటర్ల నలభై, అంకుల్!"

డాబా వైపు నుంచి ఒక టిప్పరు సందులోకి తిరిగింది. షారన్ చేతిలో టేపు వదులైపోయింది.

సాయంత్రం ఆఫీసులో ఆమె ముందు ఎనిమిదో చావు ఫారం పెట్టారు. కారణం గడి అప్పటికే నిండి ఉంది: 'రోడ్డు మీద కూర్చున్న వ్యక్తి నిర్లక్ష్యం.'

"ఈడ సంతకం పెట్టమ్మా," అన్నాడు సుకుమార్.

షారన్ ఆ మాటల్ని కాగితం చిరిగేలా కొట్టేసింది. పక్కన 'డివైడరు సందు, పన్నెండు మీటర్ల నలభై' అని రాసి సంతకం పెట్టింది.

బల్ల మీద టేపు ఉంది. దాని సున్నా కొసన, సుద్ద అంటిన బొటనవేలి ముద్ర ఇంకా చెరగలేదు.