ఒక్కో సంగతికి ఒక్కో పద్ధతి

“ఒక్కో సంగతికి ఒక్కో పద్ధతి ఉంటుంది” అంటారు మా ఆయన. ఈ పొద్దున కూడా ఎవరికో సలహా చెబుతూ అన్నారు. నేను రాట్నం ముందు కూర్చుని ఆయన మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. నెలలు నిండిన కడుపు అడ్డొచ్చి చెయ్యి సరిగా అందడం లేదు. ఈ చుట్టడానికి మా ఇంట్లో పని అనే పేరు లేదు. నేసేది ఆయన, నేను ఊరికే కూర్చుంటాను.

ఆయన పద్ధతులంటే పెడనలో పేరు. యుద్ధం వచ్చి నూలుకు కంట్రోలు పెట్టాక మరీను. కొనేముందు పోగు తెంపి చూస్తారు, తడిపి చూస్తారు, మరో ఇద్దరిని అడుగుతారు, రాత్రంతా ఆలోచించి మర్నాడు మాట ఇస్తారు. “భావనారాయణ గారు తొందరపడరండీ” అని అందరూ మెచ్చుకుంటారు. నా సంగతులకు మాత్రం పువ్వులు. నేను పుట్టింటికి వెళ్ళాలన్నా, జ్వరానికి మందు తెప్పించాలన్నా, ఎర్ర పువ్వొకటి, తెల్ల పువ్వొకటి విడివిడిగా ఆకుల్లో పొట్లాలు కట్టి దేవుడి ముందు పెట్టాలి. ఆయన కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. ఎర్రదైతే సరే, తెల్లదైతే వద్దు. పువ్వులు కోసుకొచ్చేది మా పెద్దమ్మాయి రావమ్మ, పొట్లాలు కట్టేది నేను. అదీ పని కాదనుకోండి.

మధ్యాహ్నం మంత్రసాని శౌరమ్మ వచ్చి నా పొట్ట తడిమి చూసింది. “బిడ్డ అడ్డం తిరిగిందండీ. నా వల్ల కాదు. నొప్పులు రాకముందే బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లేకపోతే ఇద్దరూ దక్కరు” అని ఆయనతోనే చెప్పింది. ఆమె వెళ్ళాక ఆయన “పువ్వులు కట్టు” అన్నారు.

నూలు చిలప కొనడానికి ఇద్దరిని అడిగే మనిషి. ఆ మాట నా నాలుక మీదే ఉంది, పైకి రాలేదు. మందారం ఒక ఆకులో, నందివర్ధనం ఒక ఆకులో పెట్టి కట్టాను. తెల్లది వచ్చింది. “దేవుడు వద్దన్నాడు” అని ఆయన మగ్గం గుంటలోకి దిగారు. నాకు చచ్చేంత భయం వేసింది. అయినా వెళ్ళి రాట్నం ముందే కూర్చున్నాను.

మా అత్తగారు సుబ్బరత్నమ్మ వచ్చి పక్కన కూలబడ్డారు. పనులు చెప్పడం తప్ప నాతో మాట్లాడని మనిషి. కొడుక్కి వినపడకుండా అడిగారు.

“రెండిట్లోనూ ఎర్రవే కట్టలేదటే?”

నేను రాట్నం ఆపి ఆవిడ వైపు తిరిగాను.

“వీడు నా కడుపులో అడ్డం తిరిగినప్పుడు నేనట్లాగే కట్టాను. దేవుడు ఒప్పుకున్నాడని మీ మామగారు రైలెక్కించి బెజవాడ ఆసుపత్రి డాక్టరు దొరసాని దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమాత్రం నీకూ తెలుసనుకున్నానే!”

“మళ్ళీ ఒక్కసారి అడగమని చెప్పండి అత్తయ్యా.”

“ఒకసారి అడిగింది మళ్ళీ అడగడు. వాడి సంగతి నీకు తెలీదూ?”

మగ్గం ఆగలేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు, దేవుడి మీదా రాలేదు. ప్రాణం మీదికొచ్చినా మోసం చెయ్యాలని తోచనంత మంచిదాన్నిగా నన్ను పెంచిన మా అమ్మ మీద వచ్చింది. నొప్పులు మొదలయ్యేలోగా రావమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పొట్లాలు కట్టడం నేర్పాలి.