పారబోసిన మొదటి మాట

"పాలు పొంగుతున్నాయి, మంట తగ్గించండి" అంది ఆమె, డ్యూటీ బూట్లు తొడుక్కుంటూ. పొయ్యి పక్కనే ఫోన్ చూసుకుంటున్న భర్త తలెత్తి, "ఆఁ, ఏమన్నావ్?" అన్నాడు. ఈలోగా పాలు పొయ్యంతా పారాయి. తుడిచింది మాత్రం ఆమే. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఆమె మొదటిసారి చెప్పిన మాట గాలికి పోవాల్సిందే, రెండోసారి చెబితేనే లెక్క. "మా కోడలు ఆస్పత్రిలో సెకన్లు లెక్కపెడుతుందిలే" అని అత్తగారు చుట్టాలకు చెప్పి నవ్వుతుంది.

ఆరోజు ఆ సెకన్ల మీదే ఓ దర్జీ ప్రాణం నిలిచింది. ఛాతీ కోయకుండా, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి గుండె కవాటం మారుస్తున్నారు. అది లోపలున్నంతసేపూ రక్తం పలుచగా ఉండాలి. గడ్డకట్టిందా, ఆ గడ్డ మెదడుకు చేరుతుంది. మరీ పలుచనైతే రక్తస్రావం ఆగదు. రక్తాన్ని పలుచబరిచే రెండు మందుల్లో ఏది మేలో ఇలాంటి రోగుల మీద తేల్చే పరీక్ష కూడా అది. ఎవరికి ఏ మందు ఎక్కుతోందో ఆమెకూ తెలియదు. రక్తం ఎన్ని సెకన్లకు గడ్డకడుతోందో యంత్రంలో చూసి చెప్పడం ఆమె పని.

కనీసం రెండు వందల యాభై ఉండాలి. యంత్రం నాలుగు వందల పది చూపించింది.

"భేషుగ్గా ఉంది, కానివ్వండి" అన్నాడు రక్తం తీసిచ్చిన చిన్న డాక్టరు.

అతను రక్తం తీసినప్పుడు ఆమె అతని చేతులే చూసింది. మందు ఎక్కించిన గొట్టంలోంచే తీశాడు. అందులో మిగిలిన మందు కలిసిన మొదటి రక్తాన్ని పారబోయాలి. పారబోయలేదు.

"ఈ అంకె చెల్లదు. మళ్లీ తీయండి."

గదినిండా డాక్టర్లుండగా ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

"నాలుగు వందలు దాటింది కదా సిస్టర్!"

గొట్టం పంపుతున్న పెద్ద డాక్టరమ్మ చెయ్యి అప్పటికే ఆగిపోయింది. ఏమన్నావని ఆవిడ అడగలేదు. "సిస్టర్ చెప్పారు కదా, తీయండి."

ఈసారి నూట అరవై. మందు పెంచి, అంకె కుదిరాకే గొట్టం ముందుకు కదిలింది. మధ్యాహ్నం దర్జీ కళ్లు తెరిచి, పది వేళ్లూ ఒక్కొక్కటిగా ఆడించి చూసుకున్నాడు.

"ఏ మందు గెలిచినా సరే, మీ కన్ను లేకపోతే ఈ పరీక్షకు విలువే లేదు" అంది డాక్టరమ్మ. వింటున్న ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కసారి చెబితే వినే మనుషులు కూడా ఉంటారన్నమాట.

సాయంత్రం ఇంట్లో భర్తతో అంది: "రేపట్నుంచి పొద్దున వంటగది మీది."

"ఆఁ, ఏమన్నావ్?"

అలవాటుగా మళ్లీ చెప్పబోయి ఆగింది. అలారం ఐదున్నరకు పెట్టి, గడియారం తీసుకెళ్లి ఆయన దిండు పక్కన పెట్టింది.